నువ్వుగింజకు పరీక్ష

నా చిన్నప్పుడు నా నోటికి మా ఇంట్లో అందరూ భయపడేవారు. పదేళ్లకే నూటయాభై సామెతలు కంఠతా వచ్చు మరి! అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందు వెనక మాకో మేడ ఇల్లు ఉండేది. అమ్మా నాన్నా ఆఫీసులకు వెళ్తే నేను తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగాను. తాతయ్య కోస్తాలో తెలుగు మాస్టారుగా రిటైరై హైదరాబాదు వచ్చారు. ఆ ఏడాది మా బడిలో సామెతల పోటీ పెట్టారు. ఇంకేముంది, తాతయ్య ఒక పొడుగు నోట్‌బుక్కు కొనిచ్చి, రోజుకు పది చొప్పున చెప్పి రాయించారు.

మా మేడ మీద గదిలో ఒక అక్క అద్దెకు ఉండేది. తెలంగాణ పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. డిగ్రీ అయ్యాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటానంటే వాళ్ల నాన్న ఎన్నాళ్లో తటపటాయించి, చివరికి మా తాతయ్యను చూసి ధైర్యం చేశాడు. షరతు ఒక్కటే. సాయంత్రం ఆరున్నరకల్లా గదిలో ఉండాలి. ఆ మాట తప్పితే మూటాముల్లె సర్దుకుని ఊరికి రావాల్సిందే.

ఒకరోజు అక్క డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్లి నా విద్య ప్రదర్శించాను. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదు, తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు, ఇలా గుక్క తిప్పుకోకుండా వల్లించాను. అక్క ముందు నవ్వింది. తర్వాత, ఇవన్నీ నువ్వు చూసినవా అని అడిగింది. చూడటమేంటి, పెద్దలు చెప్పారు కదా అన్నాను. అక్క కోప్పడలేదు. గదిలోకి వెళ్లి తన క్లాసు పుస్తకం తెచ్చి చూపించింది. పేజీ నిండా గళ్లు. ఒక గడిలో ఏం జరగాలి, పక్క గడిలో ఏం జరిగింది, చివర పాసా ఫెయిలా.

"మా సారు ఏం జెప్తడంటే, రాసినోడు ఎంత పెద్దోడైనా గాని, నడిపి చూడకుండ పాస్ అని రాయొద్దు" అంది అక్క.

నువ్వుగింజ సామెతను నడిపి చూద్దామంది. నాకు లెక్కల్లో వచ్చిన ఏడు మార్కుల సంగతి నాయనమ్మకు ఒకసారి, తాతయ్యకు ఒకసారి, ఎవరికీ చెప్పొద్దని చెప్పాలట. ఎవరు బయటపెడతారో చూసి గళ్లు నింపాలట. అబ్బో, నాకు భలే నచ్చింది. కానీ ఆ రహస్యమే చప్పగా అనిపించింది. నా లెక్కల మార్కులు మా వీధి కుక్కలకు కూడా తెలుసు. పరీక్షంటే గట్టి రహస్యం ఉండొద్దూ? నా దగ్గర ఒకటి ఉంది. అక్కే నన్ను నమ్మి చెప్పింది. క్లాసు ఆరింటికి అయిపోయినా, కంప్యూటర్లు ఖాళీ అయ్యేది ఆ తర్వాతేనని, ఇంటర్వ్యూ దగ్గరపడిందని, తను ఎనిమిదింటి దాకా అక్కడే ఉండి నేర్చుకుంటోంది. ఊళ్లో వాళ్ల నాన్నకు తెలియదు.

నేను చక్కా పోయి అదే చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాయనమ్మ తలెత్తకుండా "ఊఁ" అంది, అంతే. తాతయ్య మాత్రం పేపరు పక్కన పడేసి, నేనెవరికి చెబుతానమ్మా అన్నారు.

ఆదివారం అక్కను చూడటానికి వాళ్ల చిన్నాన్న వచ్చాడు. మాసబ్ ట్యాంక్‌లో ఏదో ఆఫీసులో పని ఆయనకు. తాతయ్య ఆయన్ను గేటు దాకా సాగనంపుతూ, ఎవరికీ చెప్పకండి అని చెప్పి మరీ చెప్పేశారు. వెనకే ఉన్న నేను విని, ఆ రాత్రే నా సామెతల నోట్‌బుక్కులో గళ్లు గీసి నింపేశాను. పిల్ల మంచి కోరే చెప్పారు, ఏమాటకామాటే. మంగళవారం పొద్దున్నే వాళ్ల నాన్న బస్సు దిగి మా ముందుగదిలో కూర్చున్నాడు. అక్క ఇంటర్వ్యూ గురువారం.

"సారూ, మీ ఇంట్ల ఉంటదని మీ మీద భరోసాతోని వదిలిపెట్టిన. ఇగ చాలు, తోల్కపోత" అన్నాడాయన. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది. అక్క గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది. తాతయ్య ఊరుకోవచ్చు కదా, అలవాటుగా, తిరిగి ఆడది చెడిందని మన పెద్దలు ఊరికే అనలేదండీ అనేశారు. ఇదంతా నా వల్లే. పరుగెత్తుకెళ్లి నోట్‌బుక్కు తెచ్చి తాతయ్య ఒళ్లో పెట్టాను. ఏం చెప్పాలో తెలియక అదొక్కటే చేశాను.

తాతయ్య కళ్లజోడు సర్దుకుని చదివారు. ఆడదాని నోట్లో నువ్వుగింజ నానదు. నాయనమ్మ: చెప్పలేదు. తాతయ్య: చెప్పేశారు. ఫెయిల్. అంత పెద్ద మాస్టారు, పిల్ల గీసిన గళ్ల ముందు చిన్నబోయారు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. కొత్తవాళ్ల ముందుకు రావడం ఆమెకు అలవాటు లేదు.

"నెల నుంచీ మీ పిల్లని నేనే తీసుకొస్తున్నానండీ. ఎనిమిదింటికి ఆ కంప్యూటర్ క్లాసు మెట్ల దగ్గర నిలబడి, వెంటబెట్టుకుని వస్తున్నా. అది అక్కడ మిషన్ ముందు కూర్చుని చదువుకోవడం నా కళ్లతో చూశాను" అంది.

మేమంతా నోరు వెళ్లబెట్టాం. ఆ నెలంతా ఆమె గుడిలో పురాణానికి వెళ్తోందనుకున్నాం. నాకెందుకు చెప్పలేదే అని తాతయ్య అడిగితే, చెబితే ఏమయ్యేదో చూశారుగా అంది. తాతయ్య అక్క వాళ్ల నాన్న వైపు తిరిగి, నోరు జారింది నేనండీ, మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు అన్నారు. ఆయన చల్లారిన టీ తాగి, కూతుర్ని ఒకటే అడిగాడు.

"బేస్తారం ఇంటర్వ్యూ ఎన్ని గంటలకు బిడ్డా?"

రెండు రోజులు మా ముందుగదిలోనే పడుకుని, గురువారం పంజాగుట్ట దాకా తనే వెంట వెళ్లాడు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత మూడో ఇంటర్వ్యూలో వచ్చింది. తాతయ్య ఆ తర్వాత సామెత ఎత్తుకుంటే మధ్యలో ఆగి, దీన్ని నడిపి చూశావటే అని నన్ను అడిగేవారు. పోటీలో నేను ఆడవాళ్ల సామెతలన్నీ వదిలేసి రెండో రౌండులోనే ఇంటికొచ్చేశాను. ఇంటికొచ్చాక తాతయ్యే బహుమతిగా పెన్ను కొనిచ్చారు.

పెద్దయ్యాక ఎన్ని చోట్ల చూశానో ఆ మాటలనే! పద్యాల్లో, రాణి వల్ల రాజ్యం పోయిందన్న చరిత్ర పాఠాల్లో, వెంటపడి ఏడిపించడమే ప్రేమనే సినిమా పాటల్లో. అన్నీ కళ్లు మూసుకుని పాస్ చేసినవే. ఒక్కరైనా నడిపి చూస్తేనా!

అలాగని తీర్పులు చెప్పడానికి నాకు నోరు అంత తేలిగ్గా రాదు. ఆ మంగళవారం తర్వాత అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను డాబా మీద కూర్చుని ఏడుస్తుంటే తనే వచ్చింది. నేను ఆడపిల్లనే, ముందు చెప్పింది నేనే కదా, అంటే సామెత నిజమేనా అని అడిగాను.

"నువ్వు జెప్పినవ్, మీ తాత జెప్పిండు, మీ నాయనమ్మ జెప్పలే. గిందుల ఆడ మగ ఏడున్నదే?" అని నా తల నిమిరింది. కానీ నోట్‌బుక్కు తెరిచి, గళ్ల కింద ఇంకో వరస నా చేతనే రాయించింది.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరి గురించైనా, వాళ్లింతే అనబోయినప్పుడల్లా పదేళ్ల పిల్ల వంకర అక్షరాల్లో ఉన్న ఆ చివరి వరస గుర్తొస్తుంది. "నేను: అక్క నమ్మి చెప్పింది. నిలబెట్టుకోలేదు."