ఇటలీ సోంపు, అక్క తెల్లచీర

నా తెలివి ఒక పెళ్లిని ఎంత చక్కగా ముంచిందో ఇప్పుడు చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, మా అక్క మాత్రం ఇప్పటికీ నవ్వదు.

మాది కౌకూర్. అక్క పెళ్లి మా చర్చిలోనే, పెళ్లికొడుకు శామీర్‌పేటవాడు. కొత్తజంట గుమ్మం దాటి వస్తుంటే చుట్టాలు మెట్ల మీద రంగు కాగితం ముక్కలు చల్లడం మా ఆనవాయితీ. అవి తెచ్చే పని నాకు పడింది. తెచ్చి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కాలు ఒకచోట నిలవని వయసు, చేతిలో ఫోను. ఆ ముక్కల్ని ‘కన్ఫెట్టీ’ అంటారు కదా, ఆ మాట ఎక్కడ పుట్టిందా అని వెతికాను. ఇటలీ మాటట! అక్కడ దానికి అర్థం కాగితాలు కాదు, మిఠాయిలు. పూర్వం ఉత్సవాల్లో చక్కెర పట్టించిన ధనియాలూ బాదం పప్పులూ జనం మీద విసిరేవారట. ఇంగ్లీషులోకి వచ్చాక కాగితాలయ్యాయట. లోకమంతా తప్పు చేస్తోంది, సరిదిద్దేది నేనొక్కడినే అని నాకు కుదురు పోయింది.

మేడ్చల్లో కిరాణా సేటును అడిగాను. “సేటూ, చక్కెర వట్టిచ్చిన ధనియాలున్నయా?”

“పైత్యం జేసిందా? కషాయానికైతే ఉత్త ధనియాలు తీస్కపో.”

చివరికి హోటల్లో భోజనమయ్యాక ఇచ్చే రంగుల తీపి సోంపు సంచీడు కొన్నాను. వినాశకాలే ఇటలీ బుద్ధి!

పెళ్లినాడు పొద్దున అక్క కాసేపు కూర్చుంటే ఒట్టు. “తమ్మీ, మెట్ల మీద ఫొటో ఒక్కటి మంచిగ రావాలె. గీ తెల్లచీర కోసం తిరగని దుకాణం లేదు. మరక వడితె ఊకోను.”

“నేనుండంగ నీకేం పరేషాన్?”

ప్రార్థన జరుగుతున్నంతసేపూ లోపలికీ బయటికీ తిరుగుతూ అందరి గుప్పిళ్లలో సోంపు పోశాను. బయట సన్నగా తుంపర మొదలైంది. రంగు చక్కెర తడిస్తే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకేమో ఇటలీ తెలుసు మరి.

జంట బయటికి రాగానే “ఇసురుండ్రి!” అని అరిచాను. కాగితమైతే తేలుతూ దిగేది. సోంపు వడగళ్లలా కొట్టింది.

“కండ్లల్ల వడ్డయిరా!” అని బావ కేక.

పాస్టరుగారి కాలు జారింది. పట్టుకోబోయిన మా నాయినతో సహా మెట్ల కింద కూలబడ్డారు. అక్క చీర మీద ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు, చూస్తుండగానే చారలయ్యాయి. ఫొటోగ్రాఫర్ “హోలీ పెండ్లా అన్నా?” అని అడిగాడు.

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడైనా తప్పయిందనాలా, వద్దా? నేను పాఠం మొదలుపెట్టాను.

“అక్కా, అసలు కన్ఫెట్టీ అంటే మిఠాయే. ఇటలీల మొదటిసంది...”

“మరి ఇప్పుడు కాయితాలెందుకు ఇసురుతున్నరు?”

“అది... గంతదాక సదవలే.”

అక్క కొంగు పిండుకుంటూ అంది: “గా దేశంల గూడ ఎవలికో నీ అసొంటి తమ్ముడు వుట్టి ఉంటడు. గందుకే కాయితాలు వట్టిన్రు!”

బావ పకపకా నవ్వాడు. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫర్ మీట నొక్కాడు. మెట్ల మీద ఫొటో అంటూ మిగిలింది అదొక్కటే. అందులో బావ నవ్వుతుంటాడు, అక్క వంగి చెప్పు తీస్తుంటుంది.

కనుక సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ మాట పుట్టుక చదివినా ఆఖరి వాక్యం దాకా చదువుతాను. అంతవరకు ఎవరి పెళ్లికీ వెళ్లను, వెళ్లినా చేతులు జేబుల్లోంచి తీయను.