మా తాత తిథి కోసం నజ్రాన్‌లో

ఇది ఒక వీరగాథ. ఇందులో ఎడారి ఉంటుంది, యెమెన్ అంతర్యుద్ధం ఉంటుంది, ఆ యుద్ధంలో ప్రాణాలర్పించిన మా తాత ఉంటాడు. ఇంట్లో నాకు చెప్పినదైతే ఇంతే. నేను వెళ్ళి కనుక్కున్నాక చెక్కు చెదరకుండా మిగిలింది ఎడారి ఒక్కటే.

తాత కాకినాడ నుంచి ఏడెన్ వెళ్ళి లారీ తోలేవాడు. తర్వాత, అరవైల్లో ఆ అంతర్యుద్ధం మొదలయ్యాక, యెమెన్ రాజు పక్షంలో చేరి, సౌదీ సరిహద్దులోని నజ్రాన్ నుంచి యెమెన్ కొండల్లోకి సరుకు చేరవేశాడు. ఒకనాడు ఏడెన్ నుంచి టెలిగ్రాం వచ్చింది: యుద్ధంలో చనిపోయాడని. ఏ రోజున అన్నది అందులో లేదు. టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు వివరాల్లోకి వెళ్ళరు. అందుకని అది వచ్చిన పుష్య బహుళ పంచమినే తిథి అనుకుని, నాన్న ఏటా తద్దినం పెడుతూ వచ్చాడు.

నాయనమ్మకి మాత్రం మనసొప్పలేదు. "ఆయన తన తిథికి వస్తాడు, ఆకు ఉండదు. మనం ఆకు వేసిన రోజు సంగతి ఆయనకి తెలీదు. ఇన్నేళ్ళుగా పస్తు తిరుగుతున్నాడ్రా మనిషి," అనేది.

గల్ఫ్ యుద్ధం అయిన మరుసటేడు నాకు నజ్రాన్‌లోనే ఉద్యోగం దొరికింది. తోటల్లో బోరు పంపులు బాగుచేయాలి. అంతకుముందు ఆ పని చేసిన యెమెనీలు ఆ గల్ఫ్ యుద్ధం గొడవలో సౌదీ వదిలిపోవడంతో ఖాళీలు పడ్డాయి. తాతే నన్ను పిలిపించుకున్నాడని ఇంట్లో అనుకున్నారు. నిజానికి పిలిచింది ఏజెంటు.

బయల్దేరేముందు నాయనమ్మ ఒక ఫోటో చేతిలో పెట్టింది. తాత లారీ బానెట్ మీద చెయ్యేసి, అది తనదే అన్నట్టు నిలబడ్డాడు.

"తిథి కనుక్కో. నేనుండగా ఒక్కసారైనా ఆయన కడుపునిండా తినాలి."

పంపు విప్పిన ప్రతి తోటలోనూ ఆ ఫోటో చూపించాను. నాకు అరబ్బీ రాదు. మా వ్యాను తోలే పాకిస్తానీ పెద్దాయన అడిగి, జవాబు ఉర్దూలో చెప్పేవాడు. నాలుగు నెలలు తిరిగాక, ఒక ఖర్జూరం తోట ముసలాయన ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి ఏదో అన్నాడు.

"గుర్తుపట్టాడు," అన్నాడు పాకిస్తానీ.

"మా తాతనా?"

"కాదు బేటా, లారీని."

ఆ యుద్ధకాలంలో లారీలు ఆగే చోటుకి ఆ ముసలాయన కాపలాదారట. లారీ గుర్తొచ్చాక, కాసేపటికి దాన్ని తోలిన మనిషి కూడా గుర్తొచ్చాడు.

"బాంబు పడిందా?" అని అడిగించాను.

వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. "బాంబు లేదు. టైరు మారుస్తుంటే జాకీ జారింది," అన్నాడు పాకిస్తానీ. నా మొహం చూసి, "అయితే యుద్ధం మాత్రం జరుగుతూనే ఉందట," అని కలిపాడు.

"ఏ రోజో గుర్తుందేమో అడగండి."

ముసలాయన వేలు ఆకాశం వైపు చూపించాడు. తాత పోయిన సాయంత్రం అందరూ మిద్దెలెక్కి రంజాన్ నెలవంక కోసం చూశారట. కనబడలేదు. మర్నాడు తాతను పాతిపెట్టి వచ్చాక కనబడింది.

పంపు పక్కనే కూర్చుని వేళ్ళు మడిచాను. నెలవంక రాని సాయంత్రం అంటే అమావాస్య. పుష్యంలో వచ్చిన టెలిగ్రాంకి ముందు అమావాస్య అంటే మార్గశిరానిది. ఏ పంచాంగమూ చూడకుండా ఒక అరబ్బు ముసలాయన మా తాత తిథి చెప్పేశాడు.

శుక్రవారం సెలవునాడు ఊరికి ఫోన్ చేశాను. పక్కింటివాళ్ళు నాయనమ్మని పిలుచుకొచ్చారు.

"మార్గశిర అమావాస్య," అన్నాను.

నాయనమ్మ ఆ మాటే రెండుసార్లు పైకి అనుకుంది. "ఎలా పోయాడ్రా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం నాకు మళ్ళీ రాదు. ఉర్దూలో విన్నది తెలుగులో చెబితే అంత ఘోరంగా ఉండదేమో అనుకుని, నిజమే చెప్పాను.

"అంతేలే," అంది. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సైకిలు కూడా ఒక్కరోజు కుదురుగా ఉండనిచ్చేవాడు కాదు, విప్పేసేవాడు. పోన్లే, తెలిసింది. ఈసారి గారెలు ఎక్కువ వేయిస్తాను. ఆకలి మీద వస్తాడు."

తర్వాత నాన్న ఫోన్ తీసుకున్నాడు. అమావాస్యనాడు మా పురోహితుడు పదకొండిళ్ళు తిరగాలట. మనది పన్నెండోది, ఆకు వేసేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుందని చెప్పాడు.