తెల్లవెంట్రుక ఈగ

నిన్న కంపెనీ బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి గోళ్లరంగు సీసా మూత తీసింది. పటాన్‌చెరు చౌరస్తాలో లారీల వెనక బస్సు ఆగిపోయి ఉంది. కిటికీలన్నీ మూసి ఉండడంతో ఆ ఘాటు వాసన క్షణంలో బస్సంతా కమ్మేసింది. ముందు సీట్లవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం కొండవాగు చప్పుడు చెవిలో పడినట్టయింది. గాలానికి చుట్టిన దారం విడిపోకుండా రూత్ మేడం చివర్లో గోళ్లరంగు చుక్క పెట్టేవారు. ఆ వాసన నాకు ఎప్పటికీ ఆమెదే.

రూత్ మేడం కాజీపల్లిలో మా మందుల కంపెనీ ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి. డిగ్రీ కాగానే నేను ఆమె కింద చేరాను. ల్యాబ్‌లో నేను నోరు తెరిచి చెప్పినవాటికన్నా, చెప్పలేక ఇంటికెళ్లి డైరీలో రాసుకున్నవే ఎక్కువ. భోజనాల వేళ అందరూ ఫోన్లు చూసుకుంటుంటే, ఆమె పట్టకారుతో చిన్న గాలం పట్టుకుని, కోడి ఈకనూ దారాన్నీ చుట్టి, చేపలకు వేసే ఈగను తయారుచేసేవారు. ఎర ఉండదు, వానపాము ఉండదు. నీటి మీద వాలిన ఆ ఉత్తుత్తి ఈగను నిజమనుకుని చేప అందుకోవాలి. పెళ్లయిన కొత్తలో, సైన్యంలో డ్రైవరైన భర్తతో హిమాచల్ కొండల్లో మూడేళ్లున్నప్పుడు అక్కడి బంగళా కాపలాదారు దగ్గర ఆమె ఈ విద్య నేర్చుకున్నారట. ఆ చలివాగుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. ఇటు వచ్చాక ముప్పై ఏళ్లలో దాన్ని మళ్లీ చూడలేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆమె నన్ను వెలిమెల వైపు ఓ చెరువుకు తీసుకెళ్లేవారు. తల మీదుగా గాలం తీగను వెనక్కీ ముందుకీ ఆడించి నీటి మీద వాల్చడం అక్కడే నేర్పారు. పడ్డ చిన్న పరక చేపలను మళ్లీ నీళ్లలోకే వదిలేసేవారు. వల సర్దుకుంటున్న జాలరి మల్లయ్య ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"పట్టుడెందుకు, ఇడుసుడెందుకు మేడం? ఇంట్ల పని లేదా?"

"వండుడు రాదయ్యా నాకు" అన్నారు ఆమె, నవ్వకుండా.

రిటైరయ్యే ఏడు, మరమ్మతుల కోసం మే నెలలో కంపెనీ మూసే వారంలో హిమాచల్ వెళ్దామన్నారు. మా అమ్మను ఒప్పించడానికి ఆమే ఇంటికొచ్చారు.

"చేపల కోసం గంత దూరమా? మన మార్కెట్ల దొరకవా మేడం?" అంది అమ్మ.

"దొరికితే నేనెందుకు పోత చెల్లే? ఒక్కటి పట్టి, మొఖం చూసి ఇడిసిపెడ్త. మోకాళ్లు ఇగ ఇంకో ఏడు రాళ్ల మీద నడువనియ్యవు."

అక్కడ చేపలు పట్టడానికి మాకు దొరికిన అనుమతి చీటీ మూడు రోజులకే. దేవదారు చెట్ల మధ్య వాగు తెల్లగా నురగలు కక్కుతూ దూకుతోంది. మే నెలలో కూడా కాళ్లు కొరికేసేంత చల్లదనం. మేడం మోకాలి లోతున నిలబడి, గోధుమరంగు పెద్ద ఈగలను ఒకదాని తర్వాత ఒకటి వేశారు. చేపలు కళ్లముందే తేలి మూతి పెడుతున్నాయి కానీ, ఆమె ఈగను మాత్రం ముట్టవు. మొదటి రోజు అలాగే గడిచింది. రెండో రోజూ అంతే. ఆ సాయంత్రం గదిలో ఆమె మోకాళ్లకు నూనె రాసుకుంటూ, "నన్ను మర్చిపోయినట్టున్నయ్ మంజులా" అన్నారు.

నాకు కారణం తెలుసు. మొదటి రోజు పొద్దునే ఒడ్డున కూర్చుని రాళ్లు తిప్పి చూశాను. వాటి కింద బియ్యపుగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు, బూడిదరంగు రెక్కలు. అవి నీళ్ల మీద వాలినచోటే చేపలు లేస్తున్నాయి. అదంతా డైరీలో బొమ్మతో సహా రాసుకున్నాను. ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషికి, నిన్నగాక మొన్న నేర్చుకున్న నేను, మీ ఈగ పెద్దదని ఎలా చెప్పను?

మూడో రోజు మధ్యాహ్నం ఆమె తీగ చుట్టేయడం మొదలుపెట్టారు. నా గొంతు ఎండిపోయింది.

"మేడం, అవి చిన్నవి. నల్లవి" అన్నాను.

ఆమె తిరిగి చూశారు. నేను ఒక రాయి తిప్పి చూపించాను. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని వంగి చూసి, ఒడ్డున కూర్చున్నారు. డబ్బాలోంచి అన్నిటికన్నా చిన్న గాలం తీసి, పట్టకారుతో పట్టుకుని నల్లదారం చుట్టారు. రెక్కలకు బూడిదరంగు ఈక లేదు. చేయి తలమీదికి పోనిచ్చి, చెవి పక్కనుంచి రెండు నెరిసిన వెంట్రుకలు పీకి రెక్కలుగా కట్టారు.

"తెల్లబడ్డందుకు ఇయ్యాల పనికొచ్చినయ్."

నాలుగోసారి వేసినప్పుడు నీళ్లు చిన్నగా చిట్లాయి. గాలం కర్ర వంగింది.

"పడ్డది" అన్నారు ఆమె, నెమ్మదిగా, ప్రార్థనలో అన్నట్టు.

వల నేనే పట్టాను. బంగారు ఒళ్లు, దాని మీద ఎర్రచుక్కలు. ఆమె తడిచేతుల్లో దాన్ని కాసేపు ఆనించుకుని, మొఖం తనివితీరా చూసి వదిలారు. ఒక్క తోక విసురు, అంతే. తర్వాత నా వైపు తిరిగారు.

"ఎప్పుడు జూసినవ్ ఆ పురుగుల్ని?"

"మొన్న పొద్దున."

"మొన్ననా? చెప్పనీకి ఏమైంది?"

"మీరు పెద్దవారు కదా మేడం."

"నేను పెద్దదాన్నని చేపకు ఎర్కనా?" అని, రాయి మీద చతికిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మెల్లగా అన్నారు: "ఇక్కడ పోయింది రెండు రోజులే. ల్యాబ్‌ల గిట్లనే చూసి ఊకుంటే, మందు మింగేటోళ్ల గతేంది బిడ్డా?"

తిరిగొచ్చిన వారంలోనే, ఆమె సంతకం పెట్టబోతున్న కాగితంలో నాకు ఒక తప్పు కనిపించింది. పరీక్షకు వాడిన ద్రావణం గడువు ముందురోజే అయిపోయింది. గదిలో నలుగురున్నారు. అయినా, "మేడం, ఇది మళ్లీ చేయాలి" అన్నాను, అందరికీ వినబడేలా. నలుగురూ తలెత్తారు. ఆమె సీసా మీది తేదీ చూసి, కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, "చేద్దాం పాండ్రి" అన్నారు. నా వెనకగా వెళుతూ చెవి దగ్గర ఆగారు.

"పడ్డది" అన్నారు.

ఆమె రిటైరై ఇప్పుడు జహీరాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ల్యాబ్‌లో నాకు ఇప్పటికీ మాట్లాడే ముందు గొంతు ఎండుతుంది. ఆ ఎండిన గొంతుతోనే చెప్పేస్తున్నాను. చాలాసార్లు, చూసిన రోజే.