తాళం వేసిన ఇంట్లో వెలుగుతున్న కంప్యూటరు

ఇలా చాప మీదికి జరగండి, ఫ్యాను గాలి ఇక్కడికే వస్తుంది. మా కోడలితో గుడివాడ వెళ్ళిన రోజు సంగతి చెబుతాను.

మాది పెడన, చెక్క అచ్చులతో బట్టల మీద అద్దకం పని. పాత అచ్చు ఒక్కటీ పారేయం. మా కోడలు పనిచేసే సాఫ్ట్‌వేరూ అలాంటిదేనట, రాసినవాటి పాత రూపాలన్నీ దాచి ఉంచుతుంది. దూరదేశాల వాళ్ళూ తనూ కలిసి దాన్ని చూసుకుంటారు. అందులో ఒక కన్నం బయటపడింది.

"అచ్చుల గది చూడ్డానికి వచ్చినవాడు బీరువాలోది తెమ్మన్నా, ఎవరని అడక్కుండా తెచ్చి ఇచ్చేసినట్టు చేస్తోంది అది, అత్తయ్యా" అంది.

అన్నం ముందు కూర్చున్నా తనకి అదే ధ్యాస. చివరికి అందరూ కలిసి దాన్ని పూడ్చారు. మేం గుడివాడ వెళ్ళిన రోజు ఉదయమే ఆ సంగతి లోకానికి బయటపెట్టారు.

"ఇంక హాయే కదా?"

"ఇప్పుడే భయం. కన్నం ఎక్కడుందో దొంగలకీ తెలిసిపోయింది. కన్నం పూడ్చిన కొత్తది ఇంకా వేసుకోనివాళ్ళ గతి ఏంటి?"

గుడివాడలో తన స్నేహితురాలు ఇంటి ముందు గదిలోనే చిన్న ఆఫీసు పెట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేరు అక్కడ పెట్టించింది మా కోడలే. ఫోను ఎన్నిసార్లు చేసినా ఎత్తరే! ఇద్దరం బస్సెక్కాం.

వెళ్ళేసరికి గుమ్మానికి అరచేతంత తాళం. ఇంటిల్లిపాదీ అవనిగడ్డలో పెళ్ళికి వెళ్ళారు. ఊరెళ్ళేటప్పుడు ఇల్లు చీకటి చేయకూడదని ఒక లైటు వేసి ఉంచుతాం కదా, వాళ్ళు లైటుతో పాటు కంప్యూటరూ అలాగే వదిలేశారు, ఇంటర్నెట్ తీగతో సహా. తాళంచెవి పక్కింటావిడ దగ్గరుంది. పెళ్ళివారి నంబరు ఆవిడకి తెలియదు. తలుపు తీయమంటే ఒప్పుకోలేదు.

"ఏమనుకోకండి వదినగారూ, నన్ను నమ్మి ఇచ్చి వెళ్ళారు. ఏదైనా పోతే?"

"పోతుందనే వచ్చామండీ!"

"అంత తాళం ఉంటే ఎవడొస్తాడండీ?"

"గుమ్మంలోంచి రాడు పిన్నిగారూ, తీగలోంచి వస్తాడు" అంది మా కోడలు.

ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "అమ్మాయికి ఎండదెబ్బ తగిలిందేమో, మజ్జిగ ఇవ్వనా?" అంది.

"పోనీ బయట ఫ్యూజు పీకేద్దామా?" అన్నాను.

"అయ్యో, ఫ్రిజ్జులో పాలున్నాయండీ!"

ఇంకేం చేస్తాం. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, కిటికీలోంచి ఆ చిన్న పచ్చలైటు చూస్తూ ఉండిపోయాం. మా కోడలి చేతిలో మందు ఉంది, మధ్యలో ఆ తాళం ఉంది. మధ్యాహ్నం ఎప్పుడో కరెంటు పోయింది. వీధంతా ఉసూరుమంటే, మా పిల్ల మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. కరెంటు మళ్ళీ వచ్చినా ఆ కంప్యూటరు దానంతట అది లేవదట.

మర్నాడు వాళ్ళు తిరిగొచ్చాక కొత్తది వేసింది. మరి ఈలోగా ఎవరైనా వచ్చి వెళ్ళారా? తెలియదు. మన ఇంట్లో దొంగ పడితే గిన్నెలు లెక్కపెట్టుకుంటాం. అక్కడ, ఎత్తుకుపోయిన వస్తువు కూడా పెట్టినచోటే ఉంటుందట. ఆ మాట వస్తే మా కోడలు ఇప్పటికీ కిటికీ వైపు చూస్తుంది.

మీ ఇంట ఎప్పుడూ దీపం వెలుగుతూ ఉండాలి తల్లీ. అడక్కుండా లోపలికి వచ్చేవాళ్ళు అయినవాళ్ళే అయి ఉండాలి.