మాస్టారు ఊఁ అనేదాకా

ఆ బడిలో ఈల మోగిందంటే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. చేతులు తొడలకు ఆనాలి, నోరు మూతపడాలి. డ్రిల్లు మాస్టారు అందరినీ తాపీగా ఓ చూపు చూసి "ఊఁ" అనేదాకా ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. గంట కొట్టే ఆయన కూడా ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఉంచేవాడు. ఆ అలవాటు ఎముకల్లోకి ఇంకిపోయి, బడి వదిలినా పిల్లల్ని వదిలేది కాదు.

స్తంభాన్ని అసలే వదల్లేదు. తాడు లాగే పోటీల్లో జట్టు చివర, నడుముకు తాడు చుట్టుకుని నిలబడే పిల్ల ఆమె. ఒకసారి రిఫరీ ఈల ఊదగానే జట్టంతా తాడు వదిలేసి బుద్ధిగా నిలబడింది. తాడు నడుముకుండిపోయిన పాపానికి ఈమె మాత్రం నిలబడ్డది నిలబడ్డట్టే గీత దాటి వెళ్లి అవతలి జట్టు ఒళ్లో పడింది. ఆ పూటే స్తంభం అన్న పేరు స్థిరపడిపోయింది. పెళ్లయి, కొడుక్కి మీసాలొచ్చాక కూడా వంటింట్లో కుక్కర్ కూత పెడితే గరిటెతో సహా బిగుసుకుపోతుంది. ముందుగదిలోంచి మొగుడు "ఊఁ" అనాలి. ఆయన బజారుకు వెళ్లిన రోజు కూర మాడుతుంది.

అలాంటి మనిషిని అదే బడి హెడ్‌మేడం తాడు జట్టుకు కోచ్‌గా పిలిచింది. పిలుస్తూనే మెలిక పెట్టింది. పోటీలో మూడు లాగుళ్లు ఉంటాయి, ఒక్కటన్నా గెలవాలి. లేదంటే తాడు సామాను గదికి, కోచ్ ఇంటికి. బట్టల కొట్టులో మడతలు విప్పడం, మళ్లీ మడతలు పెట్టడంతో విసిగిపోయిన స్తంభానికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ మడతలే గతి.

మొదటి రోజు ఈల ఊదింది. ఆడపిల్లలంతా తాడు వదిలేసి నిటారుగా నిలబడ్డారు. ఊదింది తనే అయినా తనూ నిలబడింది. అటుగా పోతున్న డ్రిల్లు మాస్టారు జాలిపడి "ఊఁ" అంటేగానీ సాధన సాగలేదు.

లాభం లేదని, ఈల మోగితే లాగాలని పిల్లలకు నూరిపోసింది. బాగానే వంటబట్టింది. ఎంతగా అంటే, ఓ ఉదయం ప్రార్థన వరసల్లో మాస్టారు ఈల ఊదగానే జట్టు చేతికి అందిందల్లా లాగింది. ముందున్నవాళ్ల జడలు, పక్కవాళ్ల సంచులు, చివరికి హెడ్‌మేడం మైకు తీగ. మైకు వెళ్లిపోతుంటే మేడం దాని వెనకే మాట్లాడుకుంటూ నడిచింది.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "ఇన్నేళ్లు నేను నిలబెట్టిన పిల్లల్ని నువ్వొచ్చి పరుగులు పెట్టించావు కదమ్మా," అని మొహం తిప్పుకున్నారు. నాలుగు రోజులు పొద్దస్తమానం ఈల ఊది జట్టుకు పాత అలవాటే పట్టించారు.

ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంటే మొగుడు పేపర్లోంచి తలెత్తకుండా, "వినపడితేనేగా ఆగేది? చెవుల్లో దూది కుక్కు," అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడు. ఆమె వెళ్లి దూది కొనుక్కొచ్చింది. పిల్లల చెవుల్లో దూది, కళ్లు కోచ్ చేతిలోని రుమాలు మీద. రుమాలు పడితే లాగాలి. అంతే.

పోటీ రోజు రిఫరీ ఈల ఊదాడు. అన్నీ ఆలోచించిన స్తంభం తన చెవుల సంగతి మరిచిపోయింది. పైకెత్తిన చెయ్యి పైనే ఉండిపోయింది. పిల్లలు రుమాలు వంకే చూస్తూ, మర్యాదగా జారుకుంటూ గీత దాటారు. దూరం నుంచి మాస్టారు ఎటో చూస్తూ "ఊఁ" అన్నాక, రెండోసారి రుమాలు దానంతటదే జారాలని గుప్పిలి వదులుగా పట్టుకుంది. ఈల మోగేసరికి అదీ బిగుసుకుంది, మళ్లీ మాస్టారే "ఊఁ" అనాల్సొచ్చింది. తనూ దూది పెట్టుకుందామంటే, ఈల ఎప్పుడు మోగిందో ఒక్కరికైనా తెలియాలి కదా.

మిగిలింది ఒక్క లాగుడు. రేకుల నీడన ముభావంగా కూర్చున్న మాస్టారి దగ్గరకు వెళ్లి రుమాలు చాపింది.

"మాస్టారూ, మన బడి మొత్తంలో మేడంగారు కాక ఈలకి ఆగనిది మీరొక్కరే. ఇది పట్టుకోండి."

"ఇప్పుడు గుర్తొచ్చానా?"

"మీరు మరిచిపోనిస్తేగా. కుక్కర్ మోగినా మీరే గుర్తొస్తారు."

మాస్టారి మీసం కాస్త కదిలింది. లేచి రుమాలు అందుకుని, అలవాటు కొద్దీ ముక్కు తుడుచుకోబోయి ఆగారు.

ఈల మోగింది. స్తంభం బిగుసుకుంది. రుమాలు పడింది. పిల్లలు గుంజిన గుంజుడికి అవతలి జట్టు గీత దాటేసింది. రిఫరీ ఇక చాలని ఈల ఊదాడు. దూది చెవులకేం వినపడుతుంది? లాగడం ఎప్పుడు ఆపాలో వాళ్లకెవరూ నేర్పలేదు. వెనక్కి వెనక్కి నడుస్తూ సైకిళ్ల స్టాండు దాటారు. అవతలి జట్టు చివరి పిల్ల నడుముకు తాడుంది కనక వాళ్లు వదలడానికీ లేదు. రిఫరీ ఊదుతూ వెంట పరిగెత్తాడు.

హెడ్‌మేడం ఆయాసపడుతూ వచ్చింది. "ఒకటి గెలవమన్నాను, గెలిచావు. రేపట్నుంచి కూడా రా. ముందు వాళ్లని ఆపమ్మా."

స్తంభం కదలదే. బుగ్గల మీద కన్నీళ్లు కారుతున్నా చేతులు తొడలకే ఆనుకుని ఉన్నాయి.

మాస్టారు ఆమెను తల నుంచి పాదాల దాకా తాపీగా చూశారు.

"ఒక్క నిమిషం చూడనివ్వండి మేడం. ఇంత కుదురైన పిల్ల నా సర్వీసులో లేదు," అన్నారు.

జట్లు రెండూ గేటు దాటి రోడ్డెక్కాక గానీ ఆయన "ఊఁ" అనలేదు.