చాప కింద అప్పడం

కొత్త అల్లుడు భోజనానికి కూర్చునే చాప కింద వేయించిన అప్పడాలు దాచడం మా ఏలూరి ఇంట్లో ఆచారం. కూర్చోగానే ఫెళఫెళమంటాయి, ఆడవాళ్ళం పడిపడి నవ్వుతాం. మా అక్క మొగుడు పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి దొరికాడు. ఆ తరవాత మా ఇంట్లో ఏ చాప మీద కూర్చోవాలన్నా ముందు కాలి బొటనవేలితో అంచు ఎత్తి చూసేవాడు. నేనా, వదిలే రకాన్ని కాను. ఏళ్ళ తరబడి పెడుతూనే ఉన్నాను. ఆయన అప్పడం తీసి, నా ఎదురుగానే నమిలి, "ఉప్పు తక్కువైందే మరదలా" అనేవాడు. ఒళ్ళు మండిపోయేది.

బావది కొల్లేటి పక్క ఊరు. పేరుపడ్డ వస్తాదు. కుస్తీకి ముందు నుదుటితో కొబ్బరికాయలు పగలగొట్టేవాడు. బరిలో దిగాక అదే తలతో అవతలివాణ్ణి పొట్టేలులా కుమ్మేవాడు. జనానికి ఆ తలంటే మహా మోజు.

ఒక ఏడు దసరాకి వచ్చి, చాప చూడకుండా కూర్చున్నాడు. ఫెళఫెళ! వీధంతా టముకు వేశాను. మర్నాడు మళ్ళీ పెట్టాను. మళ్ళీ కూర్చుని, "ఇన్నాళ్ళకి దొరికానే మరదలా!" అని మొదటిసారిలాగే నవ్వాడు. ఆ మర్నాడూ అదే మాట, అదే నవ్వు. ఈసారి నాకు నవ్వు రాలేదు. భయం వేసింది.

అప్పటికే తాడేపల్లిగూడెంలో పెద్ద కుస్తీ ఒప్పుకుని ఉన్నాడు. అక్క పోరిపోరి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది, నేనూ వెంటపడ్డాను. ఆయన బావని నడిపించి, కళ్ళు చూసి, "ఏనుగులా ఉన్నాడమ్మా" అన్నారు.

"పైకి సరేనండీ, లోపల ఎలా ఉందండీ?" అన్నాను.

"బతికున్న మనిషి తల తెరిచి చూడలేం కదమ్మా. దొరల సీమలో గుద్దులాటలు ఆడేవాళ్ళకి మతి చెడుతుందని చదివాను. ఇతనికీ అదేనని ఎలా చెప్పను?"

"రేపు మా ఇంటికి భోజనానికి రండి, నేను చూపిస్తానండీ."

వచ్చారు. ఏళ్ళ తరబడి బావని ఓడించాలని చూసినదాన్ని, ఆ పూట తలుపు చాటున నిలబడి, ఎత్తి చూడు బావా, ఎత్తి చూడు అని దేవుళ్ళందరికీ మొక్కాను. ఫెళఫెళమంది. "ఇన్నాళ్ళకి దొరికానే మరదలా!" డాక్టరుగారు మర్నాడూ వచ్చారు. మర్నాడూ అదే మాట. కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసి, "ఇక ఆ తలకి ఏ దెబ్బా తగలకూడదమ్మా" అన్నారు.

బావ రంకెలు వేశాడు. అక్క ఆయన లంగోటీలన్నీ చింపి మసిగుడ్డలు చేసేసింది. కుస్తీ ఆగిపోయింది.

ఆ తరవాత అప్పడాలు ఆకులోనే వడ్డించేదాన్ని. చాలాకాలానికి ఒకనాడు బావ కూర్చోబోతూ ఆగి, బొటనవేలితో చాప అంచు ఎత్తి చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కింద ఏమీ లేకపోయేసరికి ఆయన నా వంక మర్యాదగా చూసి, "ఈ ఇంట్లో ఒక అల్లరి మరదలు పిల్ల ఉండాలండీ. ఊళ్ళో లేదా?" అని అడిగాడు.