లెక్కలో లేని కోతి

అందరూ ఆయన్ని కోతుల బాబాయి అంటారు. పరిశోధనశాలలో ఇరవై రెండేళ్లుగా కోతులకు తినిపించి, బోనులు కడిగి, అలిగినవాటిని బుజ్జగిస్తున్నాడు.

అవి మామూలు కోతులు కావు. మనుషుల్లో తరతరాలుగా దిగివచ్చే ఓ నరాల జబ్బు జన్యువును పుట్టకముందే వాటిలో పెట్టారు. అందుకు పెద్ద పెద్ద చదువులు, అద్దాల గదులు, మహా యంత్రాలు కావలసి వచ్చాయి. బాబాయి ఇంట్లో అదే జబ్బు ఏ చదువూ అక్కర్లేకుండా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అన్నకు వచ్చేసింది. చుక్క ముట్టని తండ్రి చేతిలో గ్లాసు వణికితే వీధి వీధంతా తాగుబోతని తీర్మానించింది. వీధికి రక్తపరీక్షతో పనేముంది?

పని ఉన్నది కూతురికి.

"ఒక్కసారి రక్తం ఇచ్చి రా నాన్నా. నీకు లేదంటే నాకూ లేనట్టే. పిల్లల్ని కనాలో వద్దో తేల్చుకోవాలి."

"రేపు చూద్దాంలే అమ్మా."

ఆ రేపటికి మూడేళ్లు నిండాయి. కోతులను మాత్రం సూదికి ఒప్పించడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆయనకు సొంత పరీక్ష ఉంది. పది గుంటల పలకలో ఎండుద్రాక్షలు పెడితే కోతులు ఒక్కొక్కటే ఏరుకుంటాయి. వేళ్లు మందగిస్తే జబ్బు మొదలైనట్టు. రోజూ డాక్టర్లు రాకముందే బాబాయి మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ పదీ ఏరేవాడు. ఏడాదిగా ఎప్పుడూ పదకొండు లెక్కపెట్టేసరికి పని అయిపోయేది. ఆ ద్రాక్షలు నోట్లో వేసుకుని దర్జాగా పనిలోకి దిగేవాడు. నేరం ఎలుకల మీదికి పోయేది.

ఓ సోమవారం పెద్ద డాక్టరమ్మ అందరినీ పిలిచింది. ఇన్నేళ్లకు జబ్బు బయటపడిన కోతి దొరికిందట. పలక కింది యంత్రం దానంతటదే కాలం రాస్తుందని బాబాయికి అప్పుడే తెలిసింది.

"రోజూ ఏడింటికి వస్తుంది. ఏడాది కిందట పదకొండు సెకన్లు, ఇప్పుడు పంతొమ్మిది. ఎవరో ఆ కోతి నంబరు ఎక్కించలేదు. ఏ బోనుదో చెప్పు బాబాయ్, అందరికీ మిఠాయి తెప్పిస్తా."

చేతులతోపాటు లెక్క కూడా మెల్లబడిందన్నమాట. బాబాయికి భయం వేసింది. అంతకంటే సిగ్గు వేసింది. కోతులైనా తమను తాము మోసం చేసుకోవు.

"బోను లేదమ్మా. ఏడింటికి వచ్చేది నేనే."

డాక్టరమ్మ చేతిలోని కాగితం బోర్లించింది. బాబాయి వరండాలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేశాడు. నంబరు సరిగ్గా నొక్కడానికి మూడుసార్లు పట్టింది.

"రేపు కాదమ్మా, ఇవాళే ఇస్తా. నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకో."